గీత జరిగింది

ఎడమ చేతి చిటికెన వేలి పక్కన ఒక బొబ్బ. కందిగింజంత. ఎప్పుడొచ్చిందో తెలీదు, ఎలా వచ్చిందో తెలీదు. మా చెల్లి చూసి "ఇదేంటన్నయ్యా, కాల్చుకున్నావా?" అంది. లేదే అన్నాను, ఎందుకంటే నా చేతులు శుభ్రంగా పనిచేస్తాయి, నాకు తెలియకుండా నా చెయ్యి కాలే ప్రసక్తే లేదు. కాళ్ళయితే సరే, పదకొండేళ్ళుగా కాళ్ళకి ఏమైనా ఎవరో ఒకరు చూసి చెప్తేనే నాకు తెలిసేది. కానీ చెయ్యి?

కాసేపు ఆలోచిస్తే గుర్తొచ్చింది. ముందురోజు రాత్రి స్టీలు గ్లాసులో వేడినీళ్ళు పోసుకుని ఫోన్ చూస్తూ అలా పట్టుకుని కూర్చున్నా, చాలాసేపే పట్టుకున్నా. గ్లాసు నున్నగా ఉందని తెలిసింది, బరువు తెలిసింది, జారుతుంటే సర్దుకోవడం కూడా తెలిసింది. వేడి ఒక్కటే తెలీలేదు.

ఇప్పుడు ఆ గీత సంగతి చెప్పాలి, లేకపోతే ఈ బొబ్బకి నేనెందుకంత భయపడ్డానో మీకు అర్థం కాదు.

యాక్సిడెంట్‌లో వెన్నుపాము దెబ్బతిన్న కొత్తలో ఒక డాక్టర్ గుండుసూదీ దూదీ పట్టుకుని నా పాదాల దగ్గర మొదలుపెట్టి ఒక్కో చోటా గుచ్చుతూ "తెలుస్తోందా, ఇక్కడ తెలుస్తోందా" అంటూ పైకి వచ్చాడు, నేను కళ్ళు మూసుకుని తెలీదు తెలీదు తెలీదు అని పాఠం అప్పజెప్పినట్టు చెప్తూనే ఉన్నా, ఛాతీ మధ్యకొచ్చాక మొదటిసారి "ఆ, తెలిసింది" అన్నా. ఆయన పెన్ను తీసి అక్కడ అడ్డంగా ఒక గీత గీశాడు. చనుమొనల దగ్గర. టీ-4 కంప్లీట్, ఏ గ్రేడ్ అని ఫైల్లో రాసుకున్నాడు. అంటే ఛాతీ దగ్గరి నాలుగో నరం వరకూ ఓకే, దానికింద కదలికా లేదు, స్పర్శా లేదు, మలద్వారం దగ్గర కూడా ఏమీ తెలీదు అని. ఆ చివరి పాయింటే కంప్లీటా ఇన్‌కంప్లీటా అని డిసైడ్ చేస్తుందట, అది తెలిసినరోజు నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

స్నానం చేయిస్తే ఆ పెన్ను గీత రెండ్రోజుల్లో పోయింది. నా మనసులో మాత్రం ఉండిపోయింది. గీత పైన నేను, గీత కింద నేను కానిది, అంతే లెక్క. పదకొండేళ్ళు ఆ లెక్క మీదే బతికా. ఇల్లు దానికి తగ్గట్టే సర్దుకున్నాం, ఉద్యోగం దానికి తగ్గట్టే చూసుకున్నా, భయాలు కూడా దానికి తగ్గట్టే.

జనం మాత్రం నడక గురించే అడుగుతారు. ఎన్నాళ్ళైంది, మళ్ళీ నడుస్తావా, ఫిజియో చేయిస్తున్నావా అని. వాళ్ళని తప్పుపట్టను, బయటికి కనిపించేది కుర్చీయే కదా. నిజం చెప్పాలంటే నడవలేకపోవడం అనేది ఒక రెండు మూడేళ్ళకి అలవాటైపోయింది. అలవాటు కానిది మిగతాది. గీత కింద అంతా నిశ్శబ్దంగా ఉంటుందనుకుంటారు అందరూ, నేనూ అలానే అనుకున్నా. అబ్బో, ఎంత గోల అనుకున్నారు! అక్కడ రాత్రీ పగలూ ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది, ఆ కబురు మాత్రం తిన్నగా నాకు చేరదు.

మొదటి ఏడాది చివర్లో ఒక రాత్రి తలనొప్పితో మెలకువొచ్చింది. మామూలు తలనొప్పి కాదు, గుండె కొట్టుకున్నప్పుడల్లా తలలో సుత్తితో ఒక దెబ్బ పడుతున్నట్టు. మొహం ఎర్రగా కందిపోయింది, నుదుటి మీద చెమట ధారగా కారుతోంది, ముక్కు దిబ్బడ వేసేసింది. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. విచిత్రం ఏంటంటే కాళ్ళు మాత్రం పాలిపోయి చల్లగా ఉన్నాయని చెల్లి అంది. హాస్పిటల్‌కి పరిగెత్తాం. డ్యూటీలో ఉన్నాయన బీపీ చూశాడు, పై అంకె 165. "కొంచెం ఎక్కువే ఉంది, టెన్షన్ పడ్డట్టున్నారు, కాసేపు పడుకోండి" అని వెల్లకిలా పడుకోబెట్టి తలనొప్పి మాత్ర ఇచ్చాడు. పడుకున్నాక ఇంకా పెరిగింది. కళ్ళు మసకబారాయి. అదృష్టం బాగుండి రౌండ్స్‌కొచ్చిన ఒక సీనియర్ నర్సు దుప్పటి తీసి చూసింది, నా తొడకింద కాథెటర్ ట్యూబ్ మడతపడి ఉంది, యూరిన్ బ్యాగ్ ఖాళీ. ట్యూబ్ సరిచేసి, మంచం తలవైపు ఎత్తి నన్ను కూర్చోబెట్టింది. పది నిమిషాల్లో బ్యాగ్ నిండింది, తలనొప్పి ఎవరో స్విచ్ ఆపినట్టు పోయింది. ఆవిడ ఆ డ్యూటీ డాక్టర్‌ని ఏమీ అనలేదు, చూసిన చూపు మాత్రం నాకిప్పటికీ గుర్తుంది.

దాని పేరు అటానమిక్ డిస్‌రిఫ్లెక్సియా. మాలో మేము ఏడీ అంటాం. టీ-6 దగ్గరగానీ దానికి పైనగానీ దెబ్బ తగిలినవాళ్ళకి వస్తుంది, కింద తగిలితే చాలా అరుదు. నాకు అర్థమైనట్టు చెప్తా. గీత కింద ఏదో ఇబ్బంది మొదలవుతుంది, ఎక్కువసార్లు అది నిండిపోయిన బ్లాడరే, లేదా గట్టిపడిన మోషన్, లేదా పుండు, ఆఖరికి కాలి వేలి గోరు లోపలికి పెరిగినా చాలు. ఆ కబురు వెన్నుపాములోకి వెళ్తుంది, పైకి రావాలని చూస్తుంది, దారి తెగిపోయింది కాబట్టి రాలేదు. అలాగని కిందున్న నరాలు ఊరుకోవు, రక్తనాళాల్ని బిగించేస్తాయి, ముఖ్యంగా పేగుల చుట్టూ ఉండే పెద్ద గుంపుని. దాంతో బీపీ ఒక్కసారిగా లేస్తుంది. మెడలో బీపీ కనిపెట్టే సెన్సర్లు ఉంటాయి, అవి వెంటనే మెదడుకి చెప్తాయి. మెదడు పాపం తన పని తను చేస్తుంది, వేగస్ అనే నరం ద్వారా గుండెని నెమ్మది చెయ్యమంటుంది, ఆ నరం వెన్నుపాములోంచి కాకుండా విడిగా వెళ్తుంది కాబట్టి ఆ మాట గుండెకి చేరుతుంది, అందుకే నాకారోజు నాడి నెమ్మదిగా కొట్టుకుంది. రక్తనాళాల్ని వదులు చెయ్యమని కూడా కిందకి ఆర్డర్ వేస్తుంది, ఆ ఆర్డర్ మాత్రం గీత దగ్గరకొచ్చి ఆగిపోతుంది. అందుకే పైన ఎర్రగా చెమటలు, కింద తెల్లగా చల్లగా. ఒకే మనిషిలో రెండు వాతావరణాలు.

ఇంకో ముఖ్యమైన సంగతి ఏంటంటే నా మామూలు బీపీ 95. మాలాంటివాళ్ళకి 90 నుంచి 110 మధ్యలో ఉండటం మామూలే. దానిమీద 20 నుంచి 40 పెరిగితే చాలు, ఏడీ అని అనుమానించాలి. అంటే 135 చూసి డాక్టర్లు "నార్మలే కదా" అంటే నాకది నార్మల్ కాదు. పట్టించుకోకపోతే మెదడులో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది, ఫిట్స్ రావచ్చు, ప్రాణాలు పోయినవాళ్ళున్నారు. అందుకే ఇప్పుడు నా పర్సులో ఒక కార్డు ఉంటుంది. నా మామూలు బీపీ ఇంత, నన్ను పడుకోబెట్టొద్దు, కూర్చోబెట్టి కాళ్ళు కిందకి దించండి, బెల్టూ సాక్సూ వదులు చెయ్యండి, కాథెటర్ మడతపడిందేమో చూడండి, బ్లాడర్ ఓకే అయితే మోషన్ చూడండి కానీ మత్తు జెల్లీ రాసి కాసేపు ఆగాకే చూడండి, రెండు మూడు నిమిషాలకోసారి బీపీ చూడండి అని. కార్డు చూపిస్తే కొంతమంది డాక్టర్లకి కోపం వస్తుంది, పేషెంటు మాకు చెప్పేదేంటి అని. రానివ్వండి. నా తల పగలడం కంటే ఆయన ఈగో పగలడం నయం.

(మధ్యలో ఒక మాట. వీల్‌చైర్ ఆటల్లో కొంతమంది ఈ ఏడీని కావాలని తెప్పించుకునేవాళ్ళట, బీపీ పెరిగితే పర్ఫామెన్స్ పెరుగుతుందని, బ్లాడర్ నిండేదాకా ఆపుకుని లేదా కాలి వేలు ఏదో చేసుకుని. బూస్టింగ్ అంటారు దాన్ని. పారాలింపిక్ కమిటీ 1994లో దాన్ని నిషేధించింది. చదివినప్పుడు నాకు నోట మాట రాలేదు, నేను చచ్చేంత భయపడేదాన్ని ఒకడు మెడల్ కోసం పిలిపించుకుంటున్నాడా అని.)

బీపీ ఇలా పైకే పోతుందనుకోకండి, పొద్దున్నే లేచి కూర్చుంటే కిందకీ పోతుంది. మామూలువాళ్ళు లేవగానే కాళ్ళల్లో రక్తనాళాలు బిగుసుకుని రక్తాన్ని పైకి తోస్తాయి, నాకు ఆ ఆర్డర్ కూడా అందదు కాబట్టి రక్తమంతా కిందే కూర్చుంటుంది, కళ్ళముందు చుక్కలు, చెవుల్లో హోరు. కొత్తలో రెండుసార్లు కుర్చీలోనే సొమ్మసిల్లిపోయా. పొట్టకి బైండరూ కాళ్ళకి బిగుతు సాక్సూ వేసుకుని మెల్లగా విడతలు విడతలుగా లేస్తా ఇప్పుడు. ఎవరైనా కుర్చీలో తూలిపోతే కుర్చీని వెనక్కి వాల్చి పట్టుకుంటే చాలు, నిమిషంలో తేరుకుంటారు. గమనించారా, ఏడీకి కూర్చోబెట్టాలి, దీనికి పడుకోబెట్టాలి. రెండూ ఒకే మనిషికి. మా చెల్లికి ఇవి నేర్చుకోవడానికి ఒక ఏడాది పట్టింది, అది డాక్టర్ కాదు, అకౌంట్స్ చూసే పిల్ల, కానీ ఇప్పుడు సగంమంది డ్యూటీ డాక్టర్ల కంటే బాగా చూస్తుంది.

నొప్పి గురించి రాయాలంటే నాకు కొంచెం చిరాకు, ఎందుకంటే నమ్మరు. "స్పర్శ లేదన్నావు కదా, మరి నొప్పేంటి?" అని చదువుకున్నవాళ్ళే అడుగుతారు. నేనూ మొదట్లో డాక్టర్‌ని అదే అడిగా. స్పర్శ లేని పాదాలు రాత్రి పదయ్యేసరికి నిప్పుల్లో పెట్టినట్టు ఎందుకు మండుతాయి సార్ అని. ఆయన చెప్పిందేంటంటే, కింద నుంచి సిగ్నల్ రావడం ఆగిపోయాక పైన ఆ సిగ్నల్ కోసం ఎదురుచూసే నరాలు ఖాళీగా కూర్చోవు, వాటంతట అవే సొంతంగా మోగడం మొదలుపెడతాయి, మెదడు దాన్ని పాదం మండుతోందని చదువుకుంటుంది. అంటే మంట నిజం, నిప్పు లేదు. పాదం మీద ఐసు పెట్టినా ఉపయోగం లేదు, మంట పాదంలో లేదు కదా.

నాకు రెండు రకాల నొప్పులు. ఒకటి ఆ పాదాల మంట, మధ్యమధ్యలో కాలివేలి నుంచి తొడదాకా కరెంటు కొట్టినట్టు. రెండోది సరిగ్గా గీత దగ్గర, ఛాతీ చుట్టూ తడిగుడ్డ చుట్టి ఎవరో పిండుతున్నట్టు, అక్కడ చొక్కా బట్ట తగిలినా ఒళ్ళు జలదరిస్తుంది. ప్రీగాబాలిన్ వేసుకుంటే నొప్పి పోదు, పక్కగదిలోకి వెళ్తుంది, అంతే, గోడ అవతల టీవీ పెట్టినట్టు వినిపిస్తూనే ఉంటుంది. డోస్ పెంచితే నొప్పితో పాటు నేనూ పక్కగదిలోకి వెళ్ళిపోతా, మాట తడబడుతుంది, మధ్యాహ్నం మీటింగ్‌లో కునుకు. ఒళ్ళు కూడా వచ్చింది దానివల్ల. కొన్నాళ్ళు అమిట్రిప్టిలిన్ కలిపారు, నోరెండిపోయి మోషన్ బిగుసుకుపోయింది, మోషన్ బిగుసుకుంటే ఏడీ, వద్దు బాబోయ్ అని ఆపించేశా. ఒక సమస్యకి మందేస్తే అది ఇంకో సమస్య తలుపు తడుతుంది, మా బతుకులో ఏదీ ఒంటరిగా రాదు. పని మీద ధ్యాస ఉన్నప్పుడు మాత్రం నొప్పి తక్కువ, ఇది మందుల కంటే ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం, అందుకే రాత్రిపూట ఏదో ఒక పని పెట్టుకుంటా. ఈ పోస్టు కూడా అలా రాస్తున్నదే.

స్పాజమ్స్‌తో మాత్రం నాకు ఒక రకమైన స్నేహం కుదిరింది. కాళ్ళు వాటంతట అవే బిగుసుకుని తన్నుకుంటాయి, కొత్తలో చూసినవాళ్ళు "అదిగో కదులుతోంది, నయమవుతోంది!" అని ఏడ్చేశారు, మా అమ్మ అయితే ఒకరోజంతా ఏడుస్తూనే ఉంది సంతోషంతో, అది కదలిక కాదమ్మా, పైనుంచి ఆపేవాడు లేక నరాలు చేస్తున్న అల్లరి అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. బాక్లోఫెన్ వేసుకుంటా. ఒకసారి ప్రయాణంలో ఆ మాత్రల సంచి మర్చిపోయి రెండ్రోజులు ఆపేస్తే ఒళ్ళంతా కొయ్యలా బిగిసి, గోడమీద పురుగులు పాకుతున్నట్టు కనిపించాయి. దాన్ని ఎప్పుడూ ఒక్కసారిగా ఆపకూడదట, ఫిట్స్ కూడా వస్తాయట, ఆ ముక్క చీటీ మీద ఎక్కడా లేదు.

స్నేహం అని ఎందుకన్నానంటే ఈ స్పాజమ్స్ కబుర్లు మోసుకొస్తాయి. అవి ఉన్నట్టుండి పెరిగాయంటే కింద ఏదో జరుగుతోందన్నమాట, యూరిన్ ఇన్ఫెక్షనో, ఎక్కడైనా చర్మం ఒత్తుకుపోయి పుండు మొదలవుతోందో, బూటులో రాయో. ఒకసారి రెండ్రోజులు కాళ్ళు ఊరికే తన్నుకుంటుంటే మాత్ర పెంచమంటారేమో అనుకున్నా, చెల్లి బట్టలు తీసి వెతికితే తుంటికింద ఫోన్ చార్జర్ పిన్ను, దానిమీదే కూర్చుని ఉన్నా. మాత్ర పెంచేసుంటే ఆ పిన్ను పుండై, ఎముకదాకా పోయేది. అందుకే స్పాజమ్స్ మరీ పూర్తిగా తగ్గించమని అడగను. మోసేవాడిని చంపేస్తే ఉత్తరాలు ఎవడు తెస్తాడు?

బ్లాడర్ గురించి ఒక్క ముక్కే రాస్తా, దాని గురించి రాయాలంటే ఇంకో పోస్టు కావాలి. ఇప్పుడు నాకు పర్మనెంట్ ట్యూబ్ లేదు, నాలుగైదు గంటలకోసారి నేనే సన్నటి కాథెటర్ పెట్టుకుని ఖాళీ చేసుకుని తీసేస్తా. 1972లో జాక్ లాపిడీస్ అనే యూరాలజిస్ట్ ఈ పద్ధతి గురించి రాసినప్పుడు ఇది స్టెరైల్‌గా లేదు, ఇన్ఫెక్షన్లొస్తాయని చాలామంది గొడవ పెట్టారట, ఆయన మాత్రం శుభ్రంగా ఉంటే చాలు, బ్లాడర్ ఉబ్బిపోకుండా చూసుకోవడం ముఖ్యం అన్నాడు. ఒకప్పుడు మాలాంటివాళ్ళు ఎక్కువగా కిడ్నీలు పోయే చచ్చిపోయేవాళ్ళు. 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్‌లో గుట్‌మన్ డాక్టర్ మాలాంటివాళ్ళ కోసం వార్డు తెరిచేదాకా అసలు మమ్మల్ని బతికించడమే దండగ అనుకునేవాళ్ళు. ఆయన చేసిందేమీ మ్యాజిక్ కాదు, రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, బ్లాడర్ చూసుకోవడం, పనికి పెట్టడం. అంతే. నేను ఈరోజు బతికున్నది ఏ కొత్త కనిపెట్టుడు వల్లో కాదు, ఆ తిప్పడం వల్లా ఆ సన్నటి గొట్టం వల్లా.

ఆ గొట్టం పెట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి. వేళ్ళు కావాలి. చిటికెన వేలితో సహా.

అదీ బొబ్బ చూసి నేను భయపడ్డది.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే బొబ్బ మొదటి గుర్తు కాదు. అంతకు ఆరేడు నెలల ముందునుంచే తుమ్మినప్పుడు, దగ్గినప్పుడు మెడ కింద నుంచి ఎడమచేతి లోపలివైపుగా ఒక నొప్పి సర్రున దిగేది. పదకొండేళ్ళుగా కుర్చీ తోస్తున్న భుజాలు కదా, అరిగిపోయుంటాయిలే అనుకున్నా. నిజంగానే అరుగుతాయి, మాలో భుజం నొప్పి లేనివాడు తక్కువ. ఎడమవైపు మెడ మీద చెమట ఎక్కువ పడుతుండేది, ఎండ అనుకున్నా. అన్నిటికీ నా దగ్గర ఒక సమాధానం రెడీగా ఉండేది, ఎందుకంటే గీత పైన నాకేమీ కాదు అనేది నాకు వేదవాక్కు.

ఎమ్మారై తీశారు, మెడ నుంచి కింద దాకా మొత్తం. వెన్నులో ఉన్న స్క్రూల దగ్గర బొమ్మంతా చెదిరిపోయింది, దానికి పైన మాత్రం స్పష్టంగా కనపడింది, వెన్నుపాము మధ్యలో సన్నగా పొడుగ్గా తెల్లటి చార. నీటితిత్తి. సిరింక్స్ అంటారు, జబ్బు పేరు సిరింగోమైలియా. దెబ్బతగిలిన చోట మచ్చకట్టి వెన్నుపాము చుట్టూ ఉండే పొరకి అతుక్కుపోతుంది, అక్కడ వెన్నునీరు సాఫీగా పారదు, ప్రెషర్ మారినప్పుడల్లా నీరు వెన్నుపాములోకే చొరబడి మెల్లగా తిత్తి కడుతుంది, అది పైకి పాకుతుంది. దెబ్బ తగిలిన కొన్ని నెలలకి రావచ్చు, ఇరవై ముప్పై ఏళ్ళకీ రావచ్చు. అందరికీ రాదు, వచ్చినా అందరికీ లక్షణాలు ఉండవు.

గ్లాసు ఎందుకు తెలిసింది, వేడి ఎందుకు తెలీలేదు అనేదానికి ఆ ఎమ్మారై చూసిన డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చెప్పింది. నొప్పినీ వేడినీ మోసే తీగలు వెన్నుపాములోకి రాగానే మధ్యలో నుంచి అవతలి పక్కకి దాటుతాయట. స్పర్శని మోసేవి చాలావరకు అక్కడ దాటవు, వెనకవైపు నుంచి తిన్నగా పైకెళ్తాయి. తిత్తి పుట్టేది ఎక్కువగా ఆ మధ్యలోనే, కాబట్టి ముందు తెగేది దాటే తీగలే. అందుకే గ్లాసు ఉంది, వేడి లేదు. నాకు భయం వేసిన మాట నిజమే కానీ, ఎంత పద్ధతిగా ఉందో కదా అని ఒక్క క్షణం ముచ్చట కూడా వేసింది, ఎవరికైనా చెప్తే పిచ్చోడనుకుంటారు.

నాకు కోపం వచ్చింది వేరే దానికి. పదకొండేళ్ళలో ఎంతమంది డాక్టర్ల దగ్గరికి వెళ్ళుంటా, ఎన్ని డిశ్చార్జి కాగితాలు, ఒక్కటంటే ఒక్కదాంట్లోనూ "చేతుల్లో కొత్తగా తిమ్మిరిగానీ నొప్పిగానీ బలహీనతగానీ వస్తే వెంటనే రండి" అన్న ఒక్క లైను లేదు. పుండ్ల గురించి చెప్పారు, ఇన్ఫెక్షన్ గురించి చెప్పారు, మనోధైర్యం గురించయితే ప్రతివాడూ చెప్పాడు. ఈ గీత జరగగలదని మాత్రం ఎవరూ చెప్పలేదు. అందరూ దాన్ని అయిపోయిన విషయంలా మాట్లాడారు, ఫలానా తేదీన యాక్సిడెంట్, ఫలానా లెవెల్, ఫైలు క్లోజ్. నేనూ నమ్మా. ఆ దెబ్బ ఒకరోజున తగిలి అయిపోయిందని కాదు, అది ఇంకా తగులుతూనే ఉందని ఎవరైనా చెప్పుంటే తుమ్మినప్పుడు వచ్చిన ఆ మొదటి నొప్పికే వెళ్ళేవాణ్ణి.

ఆపరేషన్ గురించి ఇద్దరిని అడిగాం. ఒకాయన ఇప్పుడే చేసేద్దాం అన్నాడు, అతుక్కున్న మచ్చని విడదీసి నీరు పారడానికి దారి చేస్తారట, కుదరకపోతే చిన్న గొట్టం పెట్టి తిత్తిలో నీరు బయటికి మళ్ళిస్తారట. ఇంకొకావిడ, ఆ బొమ్మ గీసినావిడే, బలం ఇంకా తగ్గలేదు కదా, ఆర్నెల్లకోసారి ఎమ్మారై తీసి చూద్దాం, పట్టు తగ్గినట్టు అనిపిస్తే ఆ రోజే రా అంది. ఇద్దరూ ఒప్పుకున్నది ఒక్కటే, ఆపరేషన్ చేసినా పోయింది తిరిగొస్తుందని గ్యారంటీ లేదు, ఇంకా పోకుండా ఆపడానికే. మచ్చ మళ్ళీ కట్టొచ్చు, గొట్టం మూసుకుపోవచ్చు. ఆపరేషన్‌లో చేతికే ఏదైనా అయితే? ఆగితే, ఆగడం వల్లే చెయ్యి పోతే? మా అమ్మ దేవుడి మీద వదిలేద్దాం అంది, చెల్లి ఒక ఎక్సెల్ షీట్ చేసింది. నేను ప్రస్తుతానికి ఆవిడ మాటకే ఉన్నా. ధైర్యం ఉండి కాదు, ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు చేతులు వాడకుండా మంచంలో ఉండటం గుర్తొస్తే ఆ మొదటి ఏడాదే కళ్ళముందుకి వస్తోంది.

ఈలోపు ప్రెషర్ పెరిగి తిత్తి పాకకుండా ఊపిరి బిగపట్టి బరువు లేపడం మానేశా. కుర్చీలోంచి మంచం మీదకి ఇదివరకు ఒక్క ఊపులో ఎగిరేవాణ్ణి, దానిమీద నాకు కొంచెం గర్వం కూడా ఉండేది, ఇప్పుడు చెక్కబల్ల వేసుకుని మెల్లగా జారుతున్నా. మోషన్‌కి ముక్కడం లేదు, దానికి వేరే ఏర్పాట్లు. తుమ్మొస్తే మాత్రం ఎవరేం చేస్తారు, తుమ్మి, చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుంటా.

నెలకోసారి చెల్లీ నేనూ ఆ మొదటి డాక్టర్ చేసిన పనే చేస్తున్నాం. నేను కళ్ళు మూసుకుంటా, అది ఫ్రిజ్‌లో పెట్టిన స్టీలు స్పూను పట్టుకుని ఛాతీ నుంచి చంకలోకి, చంక నుంచి చేతి లోపలివైపుగా చిటికెన వేలిదాకా ఒక్కో చోటా ఆనిస్తుంది. "చల్లగా ఉందా?" "ఉంది." "ఇక్కడ?" "స్పూను తెలుస్తోంది." "అది కాదన్నయ్యా, చలి." "...లేదు." తెలీని చోటల్లా స్కెచ్ పెన్‌తో చుక్క పెడుతుంది, చుక్కలు కలిపి ఫోటో తీస్తుంది, ఒక నోట్‌బుక్కులో తేదీ వేసి మనిషి బొమ్మ మీద ఎక్కిస్తుంది. తర్వాత బరువు చూసే బాత్రూమ్ స్కేలు చేతికిచ్చి రెండు చేతులతో గట్టిగా నొక్కమంటుంది, ఆ అంకె కూడా రాస్తుంది. ఇది డాక్టర్లు చేసే పరీక్షకి సాటి రాదని తెలుసు, కానీ డాక్టరమ్మకి నోట్‌బుక్కు చూపిస్తే నవ్వకుండా పేజీ పేజీ చూసింది, ఫోటో తీసుకుంది.

ఈ నెల చూసినప్పుడు చేతి మీద చుక్కలన్నీ పోయిన నెల ఉన్నచోటే ఉన్నాయి. అంకె కూడా దాదాపు అంతే. కుడి చంక కింద ఒక్కచోట మాత్రం నేను ఒకసారి చల్లగా ఉందన్నా, ఇంకోసారి లేదన్నా. చెల్లి మూడోసారి స్పూను పెట్టబోయి ఆగి, "స్పూను వేడెక్కిపోయుంటుందిలే" అంది. అక్కడ చుక్క పెట్టలేదు. నోట్‌బుక్కులో ఆ చోట పెన్సిల్‌తో చిన్న ప్రశ్నార్థకం రాసింది.